40 శాతం వాన ఎక్కడా కురవదు

ఫోన్‌లో 40 శాతం వాన అని చూసి గొడుగు మోసుకెళ్తే చుక్క రాలదు. మర్నాడు 20 శాతమే కదా అని వదిలేసి వెళ్తే తడిసి ముద్దవుతారు. రెండు రోజులూ తిట్లు తినేది వాతావరణ సూచనే. నన్నడిగితే, ఆ రెండు రోజుల్లోనూ సూచన తప్పిందనడానికి ఆధారమే లేదు. తప్పింది చదవడంలో. ఆ అంకెను ఆకాశం వంక చూడకుండా చదివితే ఎవరికైనా తప్పుతుంది. అందులో ఉన్నది సగం కబురే, మిగతా సగం మబ్బు దగ్గర ఉంది.

ముందు అంకె సంగతి. 40 శాతం అంటే, ఇలాంటి రోజులు వంద వస్తే వాటిలో నలభై రోజులు మీరున్న చోట వాన పడుతుందని, అరవై రోజులు పడదని. రోజులో 40 శాతం సేపు కురుస్తుందని కాదు. ఎంత గట్టిగా కురుస్తుందో కూడా ఆ అంకె చెప్పదు. అమెరికా వాతావరణ శాఖ లెక్కలో అంగుళంలో నూరో వంతు, అంటే సుమారు 0.25 మిల్లీమీటర్లు పడితే చాలు, వాన పడినట్టే. నేల తడిసీ తడవనట్టుండే తుంపరకూ, వీధులు ఏరులయ్యే జడివానకూ శాతం ఒకటే కావచ్చు. ఆ పక్కనే చిన్న అక్షరాల్లో ఉండే మిల్లీమీటర్లు చూసేవాళ్లు తక్కువ. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. చాలా శాఖల లెక్కల్లో గంటకు రెండున్నర మిల్లీమీటర్ల లోపు అయితే చిరువాన.

ఇంతకీ ఆ నలభై ఎక్కడి నుంచి వస్తుంది? పెద్ద వాతావరణ కేంద్రాలు ఒకే లెక్కను, మొదటి కొలతల్ని కొద్దికొద్దిగా మార్చి, చాలాసార్లు వేస్తాయి. యూరప్ మధ్యకాలిక వాతావరణ అంచనా కేంద్రం అయితే ఒక విడతకు 51 సార్లు వేస్తుంది. వాటిలో 20 లెక్కల్లో మీ చోట వాన పడితే సుమారు 40 శాతం. పైన కొన్ని సవరణలు ఉంటాయి గానీ మూలం ఇదే.

అసలు చిక్కు ఇక్కడుంది. 51లో 20 రెండు రకాలుగా రావచ్చు. ఒక రకంలో, వందల కిలోమీటర్ల మేర పరుచుకున్న వాన పట్టీ ఒకటి మీ వైపు రావచ్చు, పక్కనుంచి పోవచ్చు. వస్తే అందరూ తడుస్తారు, రాకపోతే ఎవరూ తడవరు. రెండో రకంలో జల్లులు పడటం ఖాయం, ఎవరి నెత్తిన పడతాయో మాత్రం తెలియదు. ఈ వీధిలో చుక్క లేకుండా పక్క వీధి కొట్టుకుపోయే రోజులు ఈ రకానివి. మొదటి దాంట్లో అనుమానం వస్తుందా రాదా అని, రెండో దాంట్లో అనుమానం ఎక్కడ అని. ఫోన్‌లో మాత్రం రెండింటికీ ఒకే 40, ఒకే బొమ్మ. (ఆ బొమ్మలో మబ్బు ఎప్పుడు చూసినా అడుగు చదునుగా, తల గుండ్రంగా ఉండే దూదికుప్పే. ఆకాశమంతా బూడిదరంగు దుప్పటి కప్పిన రోజున కూడా అదే వేస్తారు.)

ఏ రకం 40 అన్నది తల ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. పొర మబ్బయితే మొదటిది, కుప్ప మబ్బయితే రెండోది.

ఈ విభజన కొత్తదేమీ కాదు. 1802 డిసెంబరులో లండన్‌లో ల్యూక్ హొవార్డ్ అనే మందుల తయారీదారు ఒక చిన్న సభలో చేసిన ప్రసంగంలోనే ఉంది. స్ట్రాటస్ అంటే పరిచిన పొర, క్యుములస్ అంటే కుప్ప, సిర్రస్ అంటే కురుల పాయ, నింబస్ అంటే వాన మబ్బు. అదే ఏడాది ఫ్రాన్సులో లామార్క్ కూడా మబ్బులకు పేర్లు పెట్టాడు. అవి ఫ్రెంచిలో ఉండటంతో నిలవలేదు, హొవార్డ్ లాటిన్ పేర్లు నిలిచాయి. 1896లో వచ్చిన మొదటి అంతర్జాతీయ మేఘాల అట్లాసు నుంచి 2017లో ప్రపంచ వాతావరణ సంస్థ వెలువరించిన కూర్పు దాకా ప్రధాన జాతులు పదే. ఆ పదింటినీ కంఠస్థం చేయనక్కర్లేదు. పొరా, కుప్పా, పీచా? కిందనా, మధ్యనా, పైనా? ఈ రెండు ప్రశ్నలు చాలు. ‘ఆల్టో’ అన్న మాట తగిలితే మధ్య అంతస్తు అనుకోవాలి. లాటిన్‌లో ఆ మాటకు ఎత్తు అని అర్థం, మబ్బేమో మధ్యలో ఉంటుంది. పేరు పెట్టినవాళ్లనే అడగాలి.

కంప్యూటరు పొర మబ్బును బాగా పడుతుంది, కుప్ప మబ్బు దగ్గర తడబడుతుంది. కారణం గళ్లు. వాతావరణాన్ని గళ్లుగా కోసి ఒక్కో గడికి ఒక్కో విలువ కట్టడమే ఆ లెక్క. ఇందాక చెప్పిన యూరప్ కేంద్రం గడి సుమారు 9 కిలోమీటర్లు. ఒక ఆకారం లెక్కలో సరిగా కనబడాలంటే దాని మీద కనీసం నాలుగైదు గళ్లన్నా పడాలి. వందల కిలోమీటర్ల వాన పట్టీ మీద కావలసినన్ని గళ్లు పడతాయి. ఉరుముల మబ్బు ఒంటిగా ఉంటే దాని అడ్డకొలత ఐదు నుంచి పది కిలోమీటర్లు. అది గడిలోనే మునిగిపోతుంది. అందుకని ‘ఈ గడిలో ఇలాంటి పరిస్థితి ఉంటే సగటున ఇంత వాన’ అని ఒక ఉజ్జాయింపు సూత్రం పెడతారు. ఒకటి నుంచి నాలుగు కిలోమీటర్ల గళ్లున్న మోడళ్లు కుప్ప మబ్బుల్ని స్వయంగా పుట్టించగలవు. అయినా చోటు పదుల కిలోమీటర్లు, వేళ గంటా రెండు గంటలు అటూ ఇటూ కావడం మామూలే. కుప్ప మబ్బుల రోజున సాయంత్రం 4 గంటలకు 60, 5 గంటలకు 35 అని గంటగంటకూ అంకెలు చూపే యాప్ ఆ నిక్కచ్చితనాన్ని ఎక్కడి నుంచి తెచ్చిందో నాకు అర్థం కాదు. ఆ వరుసను ‘మధ్యాహ్నం దాటాక ఎక్కడో ఒకచోట జల్లు’ అని చదువుకుని ఊరుకోవాలి.

పొర మబ్బు ముందే చెప్పి వస్తుంది, అదే దాని మంచితనం. ముందుగా చాలా ఎత్తున సిర్రస్ పీచులు. కొన్ని గంటలకు అవి కలిసిపోయి పలచటి తెర అవుతాయి, అది సిర్రోస్ట్రాటస్. తెర చిక్కబడి కిందికి దిగితే ఆల్టోస్ట్రాటస్, ఇంకా దిగితే వాన కురిసే నింబోస్ట్రాటస్. సమశీతోష్ణ మండలాల్లో వెచ్చని గాలి, చల్లని గాలి మీదికి వాలుగా ఎక్కుతూ వచ్చేటప్పుడు ఈ వరుస పుస్తకంలో రాసినట్టే నడుస్తుంది. మొదటి పీచులు వానకు 800 కిలోమీటర్లు ముందుండి, మొత్తం గంటకు 40 కిలోమీటర్ల చొప్పున కదిలితే మీ చేతిలో 20 గంటలున్నట్టు.

ఈ వరుసలో మీరెక్కడున్నారో రెండు గుర్తులు చెబుతాయి. ఒకటి గుడి. సూర్యుడి చుట్టూ గానీ చంద్రుడి చుట్టూ గానీ సిర్రోస్ట్రాటస్‌లోని మంచు స్ఫటికాలు కట్టే వరదగుడి వ్యాసార్థం 22 డిగ్రీలు. చేయి బారచాపి వేళ్లన్నీ విడదీస్తే బొటనవేలి కొన నుంచి చిటికెనవేలి కొన దాకా ఇంచుమించు అంతే. బొటనవేలిని సూర్యుడి మీద పెట్టి, సూర్యుణ్ని పూర్తిగా కప్పి, చిటికెనవేలు ఎక్కడ పడుతుందో చూడండి. కప్పకుండా మాత్రం చూడకండి. రెండో గుర్తు నీడ. సిర్రోస్ట్రాటస్ కింద నీడలు పలచబడతాయి గానీ పోవు. ఆల్టోస్ట్రాటస్ వచ్చేసరికి సూర్యుడు గరుకు గాజు వెనకున్న దీపంలా మసకబారతాడు, గుడి మాయమవుతుంది, నేల మీద నీడ ఉండదు. గుడి పోయి, నీడ కూడా పోయిందంటే ఇక గంటల్లో లెక్క.

‘దగ్గర గుడి దూరపు వాన, దూరపు గుడి దగ్గర వాన’ అని పాతమాట. చాలామంది దీన్ని మూఢనమ్మకాల ఖాతాలో వేస్తారు. గుడి ఎప్పుడూ 22 డిగ్రీలే కదా, దగ్గరేమిటి దూరమేమిటి అంటారు. కానీ చంద్రుణ్ని అంటిపెట్టుకుని, లోపల తెల్లగా అంచున ఎర్రగా కనబడే చిన్న వలయం ఉంటుంది. అది గుడి కాదు, అచ్చంగా వేరే వస్తువు. మంచు స్ఫటికాల్లో కాంతి వంగి పెద్ద గుడి కడుతుంది. ఆల్టోక్యుములస్ లాంటి పలచటి మబ్బులోని సన్నటి నీటిబొట్ల అంచుల దగ్గర కాంతి చెదిరితే ఈ చిన్న వలయం వస్తుంది. దానికీ రాబోయే వానకూ పెద్దగా సంబంధం లేదు. పెద్ద గుడి కట్టే పొర మాత్రం చాలాసార్లు వాన పట్టీకి ముందు అంచు. సామెత రెండు వేర్వేరు మబ్బుల్ని వేరుచేసి చెప్పింది, మనం ఒకటే అనుకుని నవ్వాం.

అలాగని గుడి కట్టిన ప్రతిసారీ వాన రాదు. వాన పట్టీ పక్కనుంచి జారిపోవచ్చు. ఉష్ణమండలంలో అయితే నిన్నటి ఉరుముల మబ్బు తల చిరిగి గాలికి కొట్టుకొచ్చి ఉత్త సిర్రస్‌గా మిగలొచ్చు. తేడా పట్టే ఉపాయం ఒకటే, ఒకసారి చూసి ఊరుకోకుండా రెండు గంటలు ఆగి మళ్లీ చూడటం. ఒక దిక్కు నుంచి చిక్కబడుతూ, అడుగు దిగుతూ వస్తే లెక్కలోకి తీసుకోవాలి. ఉన్నచోటే ఉండి పలచబడితే వదిలేయొచ్చు. విమానం వదిలిన తెల్ల చారనూ ఇలాగే చదవొచ్చు. విమానం వెంటే మాసిపోతే పైన గాలి పొడి, గంటసేపు నిలిచి వెడల్పయితే పైన తేమ చేరుతోందని.

కుప్ప మబ్బుకు ఇంత ఓపిక లేదు. ఖాళీ ఆకాశంలో పుట్టి, పెరిగి, కురిసి, చావడానికి ఒంటి మబ్బుకు ముప్పావు గంటో గంటో చాలు. కాబట్టి ఇక్కడ చూడాల్సింది మబ్బు పెరుగుదల. వెడల్పు కంటే ఎత్తు తక్కువున్న క్యుములస్ ఎన్ని ఉన్నా భయం లేదు, అది మంచి ఎండకు గుర్తు. ఎత్తు వెడల్పును మించిందంటే కన్నేసి ఉంచాలి. ఒక స్తంభాన్నో గోడ అంచునో ఆసరాగా పెట్టుకుని మబ్బు తల నిమిషంపాటు చూడండి. పది కిలోమీటర్ల దూరంలోని మబ్బు తల నిమిషానికి 300 మీటర్లు లేస్తే, చాపిన చేతి వేలి వెడల్పంత పైకి జరిగినట్టు కంటికి కనబడుతుంది. అది కాలీఫ్లవర్ లాంటి తల, అంచులు కత్తితో కోసినట్టుంటాయి, అంటే ఇంకా నీటిబొట్లే. ఆ అంచులు మెత్తబడి, నూలు పీచులా చెదిరితే తల గడ్డకట్టిందని అర్థం. అప్పటి నుంచి అది క్యుములోనింబస్, అంటే ఉరుముల మబ్బు. తల పైకి పోలేక కమ్మరి దిమ్మెలా పక్కకు పరుచుకుంటే మెరుపులకు సిద్ధంగా ఉండాలి.

మబ్బు అడుగు ఎంత ఎత్తున ఉంటుందో ముందే లెక్క కట్టొచ్చు. గాలి ఉష్ణోగ్రతలోంచి డ్యూ పాయింట్ (గాలిలోని ఆవిరి నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) తీసేసి 125తో గుణిస్తే మీటర్లలో వస్తుంది. పైకి లేచే గాలి కిలోమీటరుకు 9.8 డిగ్రీలు చల్లబడుతుంది, దాని డ్యూ పాయింట్ 1.8 డిగ్రీలే తగ్గుతుంది. రెండూ కిలోమీటరుకు 8 డిగ్రీల చొప్పున దగ్గరవుతాయి కాబట్టి డిగ్రీకి 125 మీటర్లు. 30 డిగ్రీల గాలి, 25 డ్యూ పాయింట్ అయితే అడుగు 625 మీటర్లు. అది కురిస్తే గట్టిగానే కురుస్తుంది. 34కు 14 అయితే అడుగు 2500 మీటర్లు. ఆ ఎత్తు నుంచి రాలిన చుక్కలు దారిలోనే ఆవిరై, మబ్బు కింద వేలాడే కుచ్చుల్లా కనబడి నేలకు చేరకపోవచ్చు. కానీ ఆవిరయ్యే నీరు గాలిని చల్లబరుస్తుంది, బరువెక్కిన ఆ గాలి ఒక్కసారిగా కిందికి దూకుతుంది. వాన లేకుండా దుమ్ము రేపే పెనుగాలి ఇలా వస్తుంది. ఈ లెక్క మధ్యాహ్నపు క్యుములస్‌కే పనికొస్తుంది. పొద్దున్నే వేసినా, పొర మబ్బుకు వేసినా తప్పుతుంది. డ్యూ పాయింట్ బదులు తేమ శాతం వాడటం ఇంకో పొరపాటు. ఎండ ఎక్కేకొద్దీ గాలిలో నీరు అంతే ఉన్నా శాతం పడిపోతుంది, డ్యూ పాయింట్ దాదాపు కదలదు.

ఇక అందరూ చేసే తప్పు: ‘గాలి అటు వీస్తోంది, మబ్బు అటే పోతుందిలే.’ ఉరుముల మబ్బును తోసేది కొన్ని కిలోమీటర్ల ఎత్తున ఉన్న గాలి, మన మొహానికి తగిలేది కాదు. పైగా పెరిగే మబ్బు కిందనుంచి గాలిని తనలోకి లాక్కుంటుంది. అందుకే చాలాసార్లు నేల మీద గాలి మబ్బు వైపు వీస్తుంటే మబ్బు ఆ గాలికి ఎదురు వస్తుంది. మబ్బు కిందున్న వాన తెరను ఒక స్తంభంతో సరిచూసి, కదలకుండా పది నిమిషాలు నిలబడండి. ఎడమకో కుడికో జరిగితే పక్కనుంచి పోతుంది. దిక్కు మారకుండా పెద్దదవుతుంటే అది మీ కోసమే వస్తోంది. చల్లటి గాలి ఒక్కసారిగా తిరగబడి కొట్టిందంటే మబ్బు తన గాలిని బయటికి కక్కుతోందని, ఇక నిమిషాల్లో పని. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. 30 సెకన్ల లోపయితే పిడుగు దూరం పది కిలోమీటర్లే, లోపలికి వెళ్లిపోవాలి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రాకూడదు. నడినెత్తిన ఎండ కాస్తున్నా పక్క మబ్బు నుంచి పిడుగు పడగలదు.

కుప్ప మబ్బుల రోజున పొద్దున్నే దొరికే ముందస్తు గుర్తు ఒక్కటే. మధ్య ఎత్తులో ఒకే చదునైన అడుగు మీద వరసగా చిన్న చిన్న బురుజులు లేచినట్టుండే ఆల్టోక్యుములస్. నేల ఇంకా వేడెక్కకముందే పైన గాలి నిలకడ తప్పిందని అది చెబుతుంది. కింద తేమ కూడా ఉంటే సాయంత్రానికి ఉరుములు. అలాంటి పొద్దున ఫోన్‌లో 30 ఉంటే నేను 30 అనుకోను.

మిగతా మబ్బుల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. స్ట్రాటస్ అంటే నేలను వదిలిన పొగమంచు, మహా అయితే సన్నటి తుంపర. ముద్దలు ముద్దలుగా ఆకాశం నిండా ఉండే మూడు రకాల్ని వేళ్లతో విడదీయొచ్చు. క్షితిజానికి 30 డిగ్రీల పైన ఉన్న ముద్దను చాపిన చేత్తో కొలవాలి. చిటికెనవేలి వెడల్పులో దాక్కుంటే సిర్రోక్యుములస్, మూడు వేళ్లను మించితే స్ట్రాటోక్యుములస్, నడుమనుంటే ఆల్టోక్యుములస్. దిగంతాన కొలిస్తే దూరం వల్ల అన్నీ చిన్నవై తప్పు పేరు వస్తుంది. స్ట్రాటోక్యుములస్ ముదురు రంగు చూసి కంగారు పడనక్కర్లేదు. దాని నలుపు ఎక్కువగా బెదిరింపే.

ఈ విభజన దెబ్బతినే చోటు ఒకటుంది. నింబోస్ట్రాటస్ పొరలోనే క్యుములోనింబస్ దాక్కోవచ్చు. కింద నుంచి చూస్తే ముసురు పట్టిన బూడిదరంగే, ఉన్నట్టుండి వాన రెట్టింపై ఉరుము వినబడుతుంది. దుమ్ము మసక ఉన్న రోజున, రాత్రిపూట కూడా కన్ను పనికిరాదు. అప్పుడు రాడార్ చూడాలి. ఒక్క చిత్రం కాదు, గడిచిన అరగంట కదలిక చూడాలి. ముద్దలు ఎటు జరుగుతున్నాయన్నదే కాదు, పెరుగుతున్నాయా కరుగుతున్నాయా అన్నదీ గమనించాలి. రాడార్‌కీ ఒక లోపముంది. అర డిగ్రీ పైకెత్తి పంపిన పుంజం, భూమి వంపు కూడా కలిసి, వంద కిలోమీటర్ల దూరానికి సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తుకు చేరుతుంది. దాని కిందున్న తుంపర కనబడదు. పైన కనబడిన వాన నేలకు చేరకముందే ఆవిరై ఉండొచ్చు కూడా.

ఫోన్‌లోని పీడన కొలమానం మీద చాలామందికి మక్కువ. ఉష్ణమండలంలో పీడనం వానతో, తుపానుతో సంబంధం లేకుండానే రోజుకు రెండుసార్లు లేచి పడుతుంది. ఉదయం పది ప్రాంతంలో గరిష్ఠం, సాయంత్రం నాలుగు ప్రాంతంలో కనిష్ఠం, తేడా రెండు మూడు హెక్టోపాస్కల్స్. ఆ తగ్గుదల చూసి తుపాను అనుకోకూడదు. నిన్న ఇదే వేళకు ఎంతుందో దానితోనే పోల్చాలి.

సూచన నిజంగా తప్పుతోందా అని తేల్చుకోవాలంటే ఒక నోటుపుస్తకం చాలు. రోజూ ఒకే వేళకు, ఒకే యాప్‌లో మర్నాటి శాతం రాయండి. వాన పడిందా లేదా పక్కన గీత పెట్టండి. మూడు నెలలయ్యాక 30 అన్న రోజులన్నీ ఒకచోట, 60 అన్న రోజులన్నీ ఒకచోట చేర్చండి. 30 అన్న రోజులు ఇరవై ఉంటే ఆరింటి చుట్టూ వాన పడి ఉండాలి. నాలుగో తొమ్మిదో వస్తే అది కాకతాళీయం కావచ్చు, ఇరవైలో పదిహేను వస్తే మాత్రం అనుమానించాలి. ఇంకో గడి కూడా గీసుకోండి, ఆ రోజు ఆకాశం పొరా కుప్పా అని. యాప్ ఎక్కడ బలహీనమో ఆ రెండింటినీ విడివిడిగా కూడితేనే బయటపడుతుంది. ఆ గడిని మధ్యాహ్నమే, మబ్బు ఎదురుగా ఉన్నప్పుడే నింపాలి. వాన వెలిశాక గుర్తు తెచ్చుకుని రాస్తే ప్రతి మబ్బూ కారుమబ్బే అవుతుంది.